విభూది బుధవారం, మేడారం జాతర: రెండు పంచాంగాల నడుమ మనం

2024 ఫిబ్రవరిలో మేము ఐదుగురం యూసుఫ్‌గూడలో ఒకే గదిలో ఉంటున్నాం. ముగ్గురిది భద్రాచలం ఏజెన్సీ, ఇద్దరిది ఆదిలాబాద్. అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చి, కోచింగ్ అయిపోయాక ఊరికి పోలేక, చిన్న చిన్న ఉద్యోగాలలో కుదురుకున్న వాళ్లం. ఆ నెల 12వ తేదీ సోమవారం సాయంత్రం ఆదిలాబాద్ తమ్ముళ్లిద్దరూ నుదుట బూడిదతో గదికి వచ్చారు. "అదేందిరా, విభూది బుధవారం కదా, సోమవారమే పెట్టించుకున్నారేంది?" అని మేము నవ్వాం. "మా గుడిలో సోమవారమే అన్నా" అన్నారు వాళ్లు. రెండు రోజులు గడిచాక, 14న, మేము పెట్టించుకుని వచ్చాం. అప్పుడు వాళ్లు నవ్వారు.

అసలు తగువు ఆ తర్వాతి వారం వచ్చింది. 21వ తేదీ బుధవారం మేడారం జాతర మొదలు. 22న చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి గద్దెకు వస్తుంది. 23న మొక్కులు, 24న వనప్రవేశం. ఆ 23వ తేదీ శుక్రవారం. తపస్సు కాలంలో శుక్రవారం కతోలికులు మాంసం ముట్టరాదు. మేడారం పోయి, బంగారం మొక్కి, చుట్టాలు చెట్ల కింద కోడి కోసి పెడితే తినకుండా లేవడం ఎట్లా? అసలు పోవచ్చా? ఒకడు పోదామన్నాడు, ఒకడు వద్దన్నాడు. ఒకడైతే పోయి తినకుండా ఉంటానన్నాడు. దానికి మా వాళ్లలో పెద్దవాడు, "తినకుండా ఉంటే తల్లికి కాదు, వండిన అత్తకు కోపం వస్తది" అన్నాడు. ఆ రాత్రి మాట మాట పెరిగి పొద్దుపోయేదాకా సాగింది. ఆ తగువులోంచే ఈ వ్యాసం పుట్టింది. ఇందులో రాసినదంతా తర్వాత చదివి, అడిగి, లెక్కలు వేసి తెలుసుకున్నది.

మొదట మేము తెలుసుకున్నది చంద్రుడి సంగతి. తిరుసభ సంవత్సరం అంతా రెండు మేకులకు కట్టిన తాడు లాంటిది. ఒక మేకు క్రిస్మస్. అది డిసెంబరు 25, కదలదు. రోమ్ నగరంలో ఆ రోజున క్రీస్తు జయంతి చేశారని తెలిపే పాత ఆధారం క్రీ.శ. 336 నాటిది. రెండో మేకు పాస్కా పండుగ, అంటే ఈస్టర్. అది ఏటా కదులుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం పాస్కా. క్రైస్తవులందరూ దీన్ని ఒకే ఆదివారం చేయాలని 325లో నైసియా సభలో పెద్దలు నిర్ణయించారు. ఆ ఆదివారం నుంచి వెనక్కి 46 రోజులు లెక్కపెడితే విభూది బుధవారం. ముందుకు లెక్కపెడితే యాభయ్యో రోజు పెంతెకోస్తు. కాబట్టి గుడి పండుగల్లో సగం పున్నమిని పట్టుకునే నడుస్తాయి.

ఇది వినగానే మాకు మేడారం గుర్తొచ్చింది. జాతర మాఘ పున్నమి దగ్గర. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు. బంజారాలకు హోళీ పెద్ద పండుగ, అది ఫాల్గుణ పున్నమి. మరి రెండు వైపులా ఆకాశంలో ఉన్నది ఒకే చంద్రుడైనప్పుడు ఒక ఏడాది తపస్సు కాలంలో జాతర పడుతుంది, మరో ఏడాది పడదు, ఎందుకని?

పాత క్యాలెండర్లు ముందేసుకుని కూర్చున్నాం. 2022లో జాతర ఫిబ్రవరి 16 నుంచి 19 వరకు, విభూది బుధవారం మార్చి 2. తగువే లేదు. 2020లో జాతర ఫిబ్రవరి 5 నుంచి, విభూది 26న. 2018లో జాతర ముందే అయిపోయింది. కానీ 2016లో విభూది ఫిబ్రవరి 10, జాతర 17న మొదలైంది. 2024 లాగే. కారణం అధిక మాసం. 2015లో, 2023లో మన పంచాంగంలో ఒక నెల ఎక్కువ వచ్చింది, దాంతో మాఘ మాసం వెనక్కి జరిగింది. తిరుసభ లెక్కకు అధిక మాసంతో పని లేదు, అది మార్చి 21ని పట్టుకుని ఉంటుంది. అందుకని మామూలు ఏళ్లలో పాస్కా చైత్ర పున్నమి తర్వాత వస్తుంది, ఇలాంటి ఏళ్లలో హోళీ పున్నమి తర్వాతే వచ్చేస్తుంది. 2024లో హోళీ మార్చి 25, పాస్కా మార్చి 31. 2025లో చైత్ర పున్నమి ఏప్రిల్ 12, పాస్కా 20. పాఠశాలలో లెక్కలు చెప్పే మిత్రులకు ఇది మంచి పాఠం. పాత క్యాలెండర్లు తెప్పించి పిల్లల చేతనే లెక్క కట్టించవచ్చు. పిల్లలకు ఊళ్లో పున్నమి ఎప్పుడో ముందే తెలిసి ఉంటుంది.

ఇక సోమవారం బూడిద సంగతి. ఆదిలాబాద్ తమ్ముళ్లది సీరో మలబార్ తిరుసభ. కేరళలోని తోమా క్రైస్తవుల పాత సంప్రదాయం అది. 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం ఆ సంప్రదాయంలో ఏర్పడింది. మాది లాటిన్ సంప్రదాయం. ఖమ్మం మేత్రాసనం 1988లో ఏర్పడింది. ఇద్దరమూ కతోలికులమే, పోపుగారూ ఒక్కరే. అయినా వాళ్ల సంవత్సరం వేరు. వాళ్లకు ఆగమన కాలం అనే మాట లేదు, మంగళవార్త కాలం అంటారు. అపోస్తలుల కాలం, వేసవి కాలం, ఏలియా, సిలువ, మోషే పేర్లతో ఒక కాలం, చివర గుడి ప్రతిష్ఠ కాలం ఉంటాయి. ఉపవాసాలు బుధవారం కాకుండా సోమవారం మొదలవుతాయి. ఈ సంగతి మాకు చిన్నప్పుడు ఏ ఉపదేశీ చెప్పలేదు. ఒకే తిరుసభలో ఒకే రాష్ట్రంలో రెండు పంచాంగాలు ఉండవచ్చునంటే, మూడోదానికి చోటు లేదని ఎవరనగలరు? ఈ ప్రశ్నను ఇక్కడ వదిలి కాస్త వెనక్కి పోదాం.

ఈ పంచాంగం మన దగ్గరికి నడిచి వచ్చిన దారి చిన్నది కాదు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నం వచ్చారు. హైదరాబాద్ సంస్థానంలోకి ముందుగా వచ్చింది సికింద్రాబాద్ దండు సిపాయిల వెంట. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ గుడి 1850 నాటిది. తర్వాత ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన గురువులు పని చేపట్టారు. గన్‌ఫౌండ్రీలో పునీత యోసేపు పేర పెద్ద గుడి లేచింది. 1886లో హైదరాబాద్ మేత్రాసనం, 1953లో అగ్రపీఠం. అక్కడి అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళితులలోనూ ఆయనే మొదటివారు. మన అడవుల్లోకి గుడి గంట చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు పండుగల పట్టీ అచ్చయ్యే వచ్చింది. అందులో మన పండుగకు గడి లేదు.

మా తాతల కాలంలో ఊరి సంవత్సరం ఎట్లా నడిచేదో చదువుకుంటున్న తమ్ముళ్లకు కొంత చెప్పాలి. కోయ మాటలో పండుగను పండుం అంటాం. విత్తనాల పండుం అయితే గాని గింజ నేలన పడదు. పచ్చ పండుం, చిక్కుడు కొత్త, మామిడి కొత్త, కొత్త వడ్ల పండుగ ఇలా ఒక్కో పంటకు ఒక్కో రోజు. ఆ రోజు దాటకముందు ఆ కాయ గానీ ఆ గింజ గానీ ఎవరూ నోట పెట్టరాదు. ముందు భూమికి, పెద్దలకు పెట్టాలి, తర్వాతే మనం. కొండరెడ్లలోనూ ఇదే కట్టు. 1940లలో నిజాం రాజ్యంలో తిరిగిన హైమెండార్ఫ్ దొర చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద మూడు పెద్ద పుస్తకాలు రాశాడు. అప్పుడు ఆయన చూసిన కొత్తల పండుగలు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నాయి. దీన్ని మూఢనమ్మకం అని తీసేసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. కాయ ముదరకముందు ఎవరూ తెంపకపోతే విత్తనం నిలుస్తుంది, అడవి నిలుస్తుంది. అది ఊరంతా కలిసి పాటించే చట్టం.

మా ఊళ్లో ఒక ఇంటివాళ్లు బాప్తిస్మం తీసుకున్న ఏడు, కొత్తల పండుగ బువ్వ తినొద్దని వాళ్లకు చెప్పారు. చెప్పినవారి పేరు ఇక్కడ అనవసరం, ఆయన చెడ్డవాడు కాదు, తనకు నేర్పింది తాను చెప్పాడు. ఆ ఇంటి ముసలమ్మ పండుగ నాడు పొద్దుటి నుంచి తలుపు వేసుకుని కూర్చుంది. ఊరివాళ్లు ఆకు దొప్పలో కొత్త బియ్యం బువ్వ తెచ్చి గడపలో పెట్టి పోయారు. సాయంత్రానికి దొప్ప ఖాళీ. కోడి తిన్నదో, ఆమె తిన్నదో ఎవరూ అడగలేదు. ఆమెను మేము చూశాం. తర్వాత చాలా ఏళ్లు ఆమె ఏ పండుగకూ, గుడికి గానీ గద్దెకు గానీ, మనసారా వచ్చినట్టు లేదు.

నిజానికి తిరుసభ చరిత్ర చదివితే ఆ తలుపు వేయవలసిన పని లేదు. రోమన్లు ఏప్రిల్ 25న గోధుమకు కుంకుమ తెగులు రాకుండా ఒక దేవతకు పూజ చేసేవారు. ఆ పూజ పోయింది, అదే తేదీన గురువులు, జనం పొలాల గట్ల వెంట ప్రార్థిస్తూ తిరిగే ఊరేగింపు వచ్చింది. ఐదో శతాబ్దంలో ఫ్రాన్సులోని వియెన్ పట్టణ పీఠాధిపతి మమెర్తుస్ మోక్షారోహణ పండుగకు ముందు మూడు రోజులు అలాంటి ప్రార్థన పెట్టాడు. సంవత్సరంలో నాలుగు ఋతువులకు నాలుగు మార్లు ఉపవాస దినాలు కూడా ఉండేవి. 601లో పోపు గ్రెగోరీ ఇంగ్లండు పోతున్న గురువులకు ఒక ఉత్తరం రాశాడు. అక్కడి ప్రజల గుళ్లను కూల్చవద్దని, వాళ్లు పశువులను కోసి పండుగ చేసుకునే అలవాటు ఉంటే దాన్ని గుడి పండుగ నాటి విందుగా మార్చుకోనివ్వమని అందులో ఉంది. యూరప్ రైతుకు దక్కిన ఈ వెసులుబాటు మా ముసలమ్మ దాకా రాలేదు. మాకు కోపం వచ్చేది అక్కడే.

1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ సభ, ప్రజల సంస్కృతిలో మూఢత్వంతో విడదీయరానంత ముడిపడని వాటిని ఆదరించాలని చెప్పింది. 1969లో పోపు ఆరవ పౌలు పండుగల పట్టీనంతా సరిచేశారు. ఆ సవరణలో పొలాల ప్రార్థన దినాలు, నాలుగు ఋతువుల దినాలు ఎత్తివేయలేదు. భూమి పంట కోసం, మనుషుల కష్టం కోసం ప్రార్థించే ఆ రోజులను ఎప్పుడు, ఎలా జరపాలో ఆయా దేశాల పీఠాధిపతులే నిర్ణయించుకోవాలని రాశారు. విత్తనాల పండుగకు అది తెరిచి ఉంచిన వాకిలి. యాభై ఏళ్లు దాటింది, ఆ వాకిలి ముందు మన తరఫున ఎవరు నిలబడ్డారు?

అదే 1969లో మన దేశపు పీఠాధిపతులు పూజలో పన్నెండు మార్పులకు అనుమతి తెచ్చుకున్నారు. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, హారతి, కుందెలో దీపం, అంగవస్త్రం లాంటివి. మంచివే. కానీ ఎక్కువ భాగం పెద్ద గుళ్ల నుంచి, శాస్త్రాల నుంచి వచ్చాయి. డోలు రాలేదు, కొమ్ము బూర రాలేదు, ఇప్ప ఆకు రాలేదు. పండుగల పేర్లు చూడండి: తపస్సు, విభూది, దివ్యసత్ప్రసాదం, పునరుత్థానం. లాటిన్ పోయి సంస్కృతం వచ్చింది, మధ్యలో మన నోటి మాట ఎక్కడా తగల్లేదు. జనం తమంతట తాము పెట్టుకున్న పేరు మాత్రం ఒకటి నిలిచింది. పుస్తకంలో మ్రానికొమ్మల ఆదివారం అని ఉన్నదాన్ని ఊళ్లో మట్టల ఆదివారం అంటారు. ఆ మట్టలనే దాచి, మరుసటి ఏడు కాల్చి, ఆ బూడిదనే విభూది బుధవారం పెడతారు. ఈ సంగతి తెలిశాక మాకు ఆ బూడిద మీద గౌరవం పెరిగింది. ఏడాది తిరిగి నుదుటికి చేరే ఆకు అది.

పట్నంలో ఉంటే సంవత్సరం ఎట్లా తిరుగుతుందో కూడా రెండు మాటలు. యూసుఫ్ అంటే యోసేపే. ఊరి పేరు ఆ పునీతుని మీద పెట్టింది కాదు గానీ, మార్చి 19న గన్‌ఫౌండ్రీ గుడి పండుగకు పోతూ మేము ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటాం. 1955లో పోపు పన్నెండవ పయస్ మే 1ని కార్మికుడైన యోసేపు పండుగ చేశారు. యూసుఫ్‌గూడ పక్కనే కార్మికనగర్ ఉంది. అటు కృష్ణానగర్‌లో సినిమా పనికోసం పొద్దున్నే నిలబడే జనానికి మాత్రం ఆ పండుగా ఆదివారమూ ఒకటే, పిలుపు వస్తే పని. సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు. ఖైరతాబాద్ ఆరోగ్యమాత గుడిలో వేళాంగణి పండుగ జనం కిటకిటలాడుతుంది. ఒక్కో ఏడు అదే రోజుల్లో అక్కడే పెద్ద వినాయకుడి దగ్గరా జనమే. నవంబరు 2న సమాధుల పండుగ. నారాయణగూడ సమాధుల తోటలో కొవ్వొత్తులు, బంతిపూలు. ఈ పండుగను క్లూనీ మఠాధిపతి ఒదిలో పదో శతాబ్దం చివర మొదలుపెట్టాడు. చనిపోయినవారిని ఏటా ఒక రోజు తలవడం మనకు ఎవరో వచ్చి నేర్పవలసినది కాదు. కోయలు చనిపోయినవారికి రాయి నిలుపుతారు, సవరలు గువార్ అనే కర్మలో రాయి పాతుతారు, గోండులకు పెర్సపేన్ ఉన్నాడు. తిరుసభ పండుగలన్నిటిలో మన పెద్దలకు చప్పున అర్థమయ్యేది ఇదొక్కటే అని మా అభిప్రాయం.

ఇంకో విచిత్రం ఉంది. పెంతెకోస్తు మే 10కి, జూన్ 13కి మధ్య వస్తుంది. అది అయ్యాక నవంబరు చివర క్రీస్తురాజు పండుగ జరిగే వారం వరకు సామాన్య కాలం. గురువు గారు ఆకుపచ్చ వస్త్రం కడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర తొలకరి పడి, విత్తనం వేసి, కలుపు తీసి, వడ్లు కోసేది. మన కొత్త పండుగలు చాలా భాగం ఆ పచ్చని వారాల్లోనే. పట్టీలో ఆ కాలానికి సామాన్యం అని పేరు. మనకు అది ఏడాదిలో ముఖ్యమైన కాలం. అటు తపస్సు కాలం ఇప్పపువ్వు రాలే రోజులు. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే గంపలతో అడవికి పోతారు. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి గుడి నిండదని ఎవరైనా అంటే, ఆ పొద్దున జనం ఎక్కడున్నారో చూసి అనాలి.

మిగతా చోట్ల ఏం చేశారు? మంగళూరు కతోలికులు సెప్టెంబరు 8న కొత్త వరి కంకులు గుడికి తెచ్చి, దీవెన పొంది, ఆ గింజలు పాలలోనో పాయసంలోనో కలిపి ఇంటిల్లిపాదీ తింటారు. దాన్ని మోంతి ఫెస్త్ అంటారు. అది మన కొత్తల పండుగే, పేరు మాత్రం మరియమాతది. ఛోటానాగ్‌పూర్‌కు 1885లో లీవెన్స్ అనే బెల్జియం గురువు వచ్చారు. అక్కడి ఉరావ్, ముండా జనం తిరుసభలో చేరినా పాట, మాందర్, అఖరా నృత్యం పూర్తిగా వదులుకోలేదు. ఆ ఉరావుల బిడ్డ తెలెస్ఫోర్ టోప్పో 2003లో కార్డినల్ అయ్యారు. కాంగో దేశపు ఆఫ్రికన్లకు 1988లో తమ నృత్యంతో, పెద్దలను తలచుకోవడంతో కూడిన పూజావిధానం దొరికింది. మెక్సికోలోని మాయా జాతుల వారికి 2024లో పూజలో తమ నృత్యానికి, ధూపం వేసే స్త్రీలకు వాటికన్ అనుమతి వచ్చింది. వాళ్లు అడిగారు, ఏళ్ల తరబడి అడిగారు, తమ భాషలో రాసి చూపించారు.

మన దగ్గర అడగడానికి ముందు రాసి పెట్టుకోవలసి ఉంది. ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒకటే. మీ ఊళ్లో ఏ పండుగ ఏ నెల, ఏ పున్నమికి, ఏ చెట్టు పూతకు వస్తుందో, ఆ రోజు దాకా ఏది తినరాదో, ముందు ఎవరికి పెడతారో పెద్దల దగ్గర కూర్చుని పిల్లల చేత రాయించండి. క్రైస్తవులైనా కాకపోయినా అందరి ఇళ్లలో. అట్లా రాస్తే అది గుడి గోడ మీదకు ఎక్కుతుందో లేదో తెలియదు గాని, కనీసం బడి గోడ మీదకు ఎక్కుతుంది. మరో మాట. మన వాళ్లలో కొందరు క్రైస్తవులైన గిరిజనుడు గిరిజనుడే కాదంటున్నారు. పండుగను వదిలేయమన్న ఉపదేశి మాట, తెగను వదిలేయమంటున్న వీళ్ల మాట మా చెవికి ఒకేలా వినపడతాయి.

మేడారం తగువు ఏమైందంటే, నలుగురం పోయాం. ఆదిలాబాద్ తమ్ముళ్లలో ఒకడు డ్యూటీ ఉందని ఆగిపోయాడు. శుక్రవారం నాడు అత్త కోడి వండింది. ముగ్గురు తిన్నారు. ఒకడు బెల్లం, కొబ్బరి తిని, పులుసు లేకుండా బువ్వ మాత్రం తిన్నాడు. అత్త వాడిని ఏమీ అనలేదు, కడుపు బాగాలేదనుకుంది.

ఈ ఏడు కొత్తల పండుగకు ఊరికి రమ్మని ఫోన్ వచ్చింది. ఎప్పుడని అడిగితే, వడ్లు ఇంకా ముదరలేదు, పూజారి చెప్పాక చెబుతాం అన్నారు. ఆఫీసులో సెలవు చీటీకి తేదీ కావాలి. గదిలో గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి, ఒకటి మేత్రాసనం ఇచ్చినది, ఒకటి కిరాణా కొట్టువాడు ఇచ్చినది. రెండిట్లోనూ ఆ గడి ఖాళీగానే ఉంది. మేము పెన్సిల్‌తో నవంబరు రెండో వారం చుట్టూ గీత గీసి ఉంచాం.